పెళ్లిలో వాన

ఆడపిల్ల పచ్చిబియ్యం తింటే దాని పెళ్లిలో వాన పడుతుందని మా చల్లపల్లిలో చెబుతారు. మీ ఊళ్లోనూ చెబుతారనుకోండి. ఈ శాస్త్రం ఎవరు రాశారోగానీ మా పిన్ని విషయంలో మాత్రం అక్షరాలా నిజమైంది. 1986 వేసవిలో, తలంబ్రాల వేళకి సరిగ్గా ఈదురుగాలి లేచింది. తాటాకు పందిరి ఓ మూల లేచిపోయింది. మగపెళ్లివారి తాలూకు పెద్దమనుషులంతా పంచెలు ఎగగట్టుకుని వసారాలోకి పరుగు. తడిసిన తలంబ్రాలు పిన్ని జుట్టుకి ముద్దలు ముద్దలుగా అంటుకుపోయాయి. అంత గొడవలోనూ మా అమ్మమ్మ పిన్ని దగ్గరకొచ్చి, చెవిలో అన్నమాట నాకు వినపడింది.

"తిన్నావుగా! ఇప్పుడు అనుభవించు."

నాకప్పటికి ఎనిమిదేళ్లు. పిన్ని బియ్యం తినడం నాకూ తెలుసు. తెలియడమేమిటి, ఆ నేరంలో నాకూ వాటా ఉంది. బియ్యం డబ్బా దగ్గర కాపలా కాసేదాన్ని నేనే. అందుకు లంచంగా పిన్ని నాకు జడ వేసేది. కానీ నా బలపాలు కూడా మాయమవుతుంటే మాత్రం కాపలా మానేశాను. పలకమీద రాయడానికి తెచ్చిన బలపం పిన్ని నోట్లో కరకరలాడేది. తొలకరి చినుకులు పడి మట్టిగోడ తడిస్తే, ఆ వాసనకి దాని కళ్లు మూతలు పడిపోయేవి. గోడ పెళ్ల ఒకటి గిల్లి ఎవరూ చూడకుండా నోట్లో వేసుకునేది. ఇంట్లో తిట్లు, అప్పుడప్పుడు వీపుమీద దెబ్బలు. "ఇంట్లో తిండి లేకనా మట్టి తింటున్నావు?" అని అమ్మమ్మ బాధ.

పెళ్లిచూపులకొచ్చిన అత్తగారు పిన్నిని చూసి, "పిల్ల దబ్బపండులా ఉంది" అని మురిసిపోయింది. ఆ దబ్బపండు ఛాయ ఛాయ కాదనీ, ఒంట్లో నెత్తురు లేకపోవడమనీ పందిట్లో ఉన్న ఒక్కరికీ తెలీదు. తెల్లగా ఉండటం వేరు, తెల్లబోయి ఉండటం వేరు. ఆ తేడా తెలియక ఎన్ని సంబంధాలు కుదిరాయో!

"రక్తం తక్కువ" అని మనం తేలిగ్గా ఓ మాట అనేస్తాం. నీరసమొస్తే రక్తం తక్కువ. మెట్లెక్కితే ఆయాసమొస్తే రక్తం తక్కువ. జ్వరం ఎందుకొచ్చిందని అడుగుతాం. దగ్గు ఎందుకొచ్చిందని అడుగుతాం. రక్తం తక్కువైతే మాత్రం ఎందుకు తక్కువైందని అడగం. ఓ టానిక్ సీసా కొని బల్లమీద పెడతాం. ఆ ఒక్క ప్రశ్న అడగనందుకు మా ఇంట్లో చెల్లించిన ఖరీదు చాలా పెద్దది. అది చెప్పేముందు, ఆ ప్రశ్న అడిగినవాళ్ల కథ కాస్త చెప్పాలి.

మన పాతవాళ్లు అడిగారు. వాళ్లు దీన్ని పాండురోగం అన్నారు. పాండు అంటే పాలిపోయిన పసుపు. వ్యాసుణ్ణి చూసి తెల్లబోయిన అంబాలికకి పుట్టినవాడు కాబట్టే ఆయన పాండురాజయ్యాడు. చరకసంహిత ఈ రోగాన్ని ఐదు రకాలు చేసింది. వాత, పిత్త, కఫాలవల్ల మూడు. ఆ మూడూ కలిస్తే నాలుగోది. ఐదోది ఏమిటనుకున్నారు? మట్టి తినడంవల్ల వచ్చేది! మందుల్లో ఇనుము కూడా ఉంది. ఇది చదివిన రోజు మా పిన్నికి ఫోను చేసి, "నీ సంగతి చరకుడికి కూడా తెలుసే" అన్నాను.

మట్టి తింటే రక్తం తగ్గుతుందా, రక్తం తగ్గితే మట్టి తినాలనిపిస్తుందా అన్నది మాత్రం చిక్కు ప్రశ్నే. ఒంట్లో ఇనుము తగ్గినవాళ్లలో చాలామందికి మట్టి, బలపం, పచ్చిబియ్యం, ఐసు ముక్కలు, ఇలాంటి వాటిమీదకి మనసు పోతుందనీ, ఇనుము ఇస్తే ఆ యావ కొద్దిరోజుల్లోనే పోతుందనీ ఈనాటి డాక్టర్లు చెబుతారు. కొన్ని రకాల మట్టి కడుపులో చేరి, తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదట. అంటే ఇద్దరి మాటా నిజమే. తిన్నకొద్దీ తినాలనిపిస్తుంది, తిన్నకొద్దీ తగ్గుతుంది. పాపం పిన్ని వీపు, ఊరికే దెబ్బలు తింది.

అవతలి దేశాలవాళ్లు మనకంటే తెలివిగా ఏం లేరు లెండి. 1554లో యోహానెస్ లాంగె అనే జర్మన్ వైద్యుడు, పాలిపోయి, ఆయాసపడుతున్న ఓ అమ్మాయి గురించి ఆమె తండ్రికి రాసిన ఉత్తరం అచ్చయింది. ఆయన దానికి కన్యల రోగమని పేరు పెట్టాడు. మందేమిటో తెలుసా? పెళ్లి చేసెయ్యమన్నాడు! "పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి" అనే మాట మన అమ్మమ్మల సొంతం కాదన్నమాట. ఆ తర్వాత ఓ వందేళ్లకి పైగా గడిచాక, ఇంగ్లండులో సిడెన్‌హామ్ అనే వైద్యుడు ఇనుపరజను ద్రాక్షసారాలో నానబెట్టి ఇచ్చి గుణం చూశాడు. 1832లో ఫ్రాన్సులో బ్లో అనే ఆయన ఇనుముతో మాత్రలు చేశాడు. పెళ్లి చెయ్యలేని పని ఇనుము చేసింది.

లెక్క చూస్తే ఆశ్చర్యమేస్తుంది. మనిషి ఒంట్లో ఉండే ఇనుమంతా కలిపితే మూడు నాలుగు గ్రాములు. తలుపుకి కొట్టే ఓ మేకంత. ఎర్రకణం బతికేది 120 రోజులు. అది చచ్చాక దాంట్లోని ఇనుమును ఒళ్లు పారేసుకోదు, ఏరుకుని మళ్లీ కొత్త కణాల్లోకి వాడుకుంటుంది. మన ఇళ్లల్లో పాత చీర బొంతవుతుందే, అలాగన్నమాట. అందుకే మగవాడికి రోజుకి ఒక్క మిల్లీగ్రాము ఇనుము వంటబడితే చాలు. ఆడదాని సంగతి అలా కాదు. నెలనెలా పోయేది ఉంది. కాన్పుకో వెయ్యి మిల్లీగ్రాములదాకా ఖర్చుంది. ఆపైన బిడ్డకి పాలు. ఇంత ఖర్చున్న మనిషి అందరూ తిన్నాక, గిన్నెలో అడుగున మిగిలింది తింటుంది. తిన్న అన్నం, పప్పుల్లో ఉన్న ఇనుములో ఒంటికి పట్టేది కొంచెమే. భోంచేసిన వెంటనే టీ తాగితే ఆ కొంచెమూ తగ్గిపోతుంది. ఆకుకూరలో ఓ నిమ్మచెక్క పిండుకుంటే కాస్త పెరుగుతుంది.

పెళ్లైన మరుసటేడు పిన్నికి ఏడోనెలలో కాళ్లు వాచాయి. పడుకుంటే ఊపిరాడేది కాదు. "నెలలు నిండే పిల్లకి ఇవన్నీ మామూలే" అన్నారు. మామూలు కాదని తెలిసి బందరు తీసుకెళ్లేటప్పటికి హిమోగ్లోబిన్ ఐదు దగ్గరుంది. పదకొండు ఉండాల్సిన చోట ఐదు! తాతయ్య రక్తమిచ్చాడు. పిన్ని దక్కింది. బిడ్డ దక్కలేదు.

అక్కడున్న డాక్టరమ్మ ఆ ప్రశ్న అడిగిన మనిషి. ఇనుప మాత్రలు చేతిలో పెట్టి పంపెయ్యకుండా, పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని, "మీ ఇంట్లో దొడ్డి ఉందా అమ్మా?" అని అడిగింది. లేదు. ఆ రోజుల్లో మా వీధిలో సగం ఇళ్లకి లేదు. తెల్లారకముందే ఆడవాళ్లంతా చెంబులు పట్టుకుని కాలవగట్టుకి వెళ్లేవారు. చెప్పులు? చెప్పులేసుకుని గట్టుకెళ్లే ఆడపిల్లని ఎవరైనా చూశారా! విరేచనం పరీక్ష చేయిస్తే తెలిసింది, పిన్ని కడుపు నిండా కొంకి పురుగులు.

ఈ కొంకి పురుగు కథ చిత్రమైనది. 1838లో ఇటలీలో దుబీని అనే వైద్యుడు ఓ పల్లెటూరి స్త్రీ శవంలో దీన్ని చూశాడు. ఇది రక్తం తాగేస్తుందన్న సంగతి లోకానికి గట్టిగా తెలిసింది మాత్రం 1880 ప్రాంతంలో. స్విట్జర్లండులో ఆల్ప్స్ కొండ తొలిచి సెయింట్ గొథార్డ్ రైలు సొరంగం వేస్తున్నప్పుడు కూలీలు పాలిపోయి, పిట్టల్లా రాలిపోయారు. సొరంగంలో వెచ్చదనం ఉంది, తడి ఉంది, మరుగుదొడ్డి మాత్రం లేదు. ఇంతకీ ఆ పురుగు ఒంట్లోకి ఎలా పోతుంది? నోట్లోంచే పోతుందని అందరూ అనుకున్నారు. ఈజిప్టులో లోస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ప్రయోగం చేస్తుంటే, పురుగు పిల్లలున్న నీటిచుక్క చేతిమీద పడింది. కాసేపటికి అక్కడ ఎర్రబడి దురద పెట్టింది. తుడిచేసుకుని ఊరుకుంటే మనలాంటివాడే అయ్యేవాడు. ఆయన అనుమానపడ్డాడు. కొన్నాళ్లు ఆగి తన విరేచనాన్ని తనే పరీక్ష చేసుకుంటే అందులో పురుగు గుడ్లు కనిపించాయి. నోటితో పని లేదు, చర్మంలోంచే దూరిపోతుందని ఆ విధంగా తేలింది. అది 1898నాటి మాట.

తడిమట్టిలో ఒట్టికాళ్లతో నిలబడితే చాలు. వేళ్ల సందుల్లోంచి దూరి, రక్తంలో పడి, ఊపిరితిత్తులకెక్కి, గొంతులోకొచ్చి, మళ్లీ మింగబడి, పేగులకి కొక్కెంలా పట్టుకుంటుంది. ఒక రకం పురుగు రోజుకి చుక్కలో సగమో ముప్పాతికో తాగితే, రెండో రకం మూడు నాలుగు చుక్కలు తాగుతుంది. ఆ రెండో రకం వంద ఉన్నాయనుకోండి, రోజుకి పదిహేను ఇరవై మిల్లీలీటర్లు. అందులో పోయే ఇనుము ఎనిమిది పది మిల్లీగ్రాములు. తిండిలోంచి వంటబట్టేదేమో ఒకటో రెండో. చిల్లుకుండలో నీళ్లు పొయ్యడం అంటే ఇదే. చిల్లు పూడ్చకుండా ఎన్ని టానిక్కులు పోసినా కుండ నిండదు. పిన్నికి పురుగుల మందు ఇచ్చారు, ఆ తర్వాత ఇనుప మాత్రలు. మూడు నెలల్లో బియ్యం డబ్బా సంగతే మర్చిపోయింది. తాతయ్య ఎడ్లజత అమ్మి ఇంట్లో మరుగుదొడ్డి కట్టించాడు. ఊళ్లో నవ్వినవాళ్లు నవ్వారు.

ఇంతటితో రక్తం తక్కువంటే ఇనుము తక్కువనే మా ఇంటిల్లిపాదికీ ముద్రపడిపోయింది. అక్కడే మేం పప్పులో కాలేశాం. ఇనుము తగ్గితే ఎర్రకణాలు చిన్నవై, వెలిసిపోతాయి. ఇంకో రకం రక్తహీనతలో కణాలు తగ్గుతాయిగానీ, ఉన్నవి మామూలుకంటే పెద్దవై ఉంటాయి. దానికి ఎంత ఇనుమిచ్చినా ఉలకదు, పలకదు. ఆ రెండో తలుపు తీసినవాళ్లలో మన గోదావరి జిల్లా మనిషి ఒకాయన ఉన్నాడు.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషను మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసులో వైద్యం చదివారు. ఆ రోజుల్లోనే ఇద్దరు అన్నదమ్ములు కొద్దిరోజుల తేడాలో పోయారు. రోగం పేరు స్ప్రూ. మన గ్రహణి లాంటిది. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు, నాలుక పూత, మనిషి పాలిపోయి, శుష్కించిపోతాడు. ఆ రోగం ఆయన్నీ పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. ఆ తర్వాత కొన్నాళ్లకి భార్యని ఇక్కడే వదిలి అమెరికా వెళ్లారు. మళ్లీ రాలేదు. ఆవిడ ఆయన్ని మళ్లీ చూడలేదు. నవల రాసే చెయ్యి కదా, ఈ వాక్యం దగ్గర నా కలం కాస్సేపు ఆగుతుంది. ఆ వైపు కథ ఇంకోసారి.

ఆయన హార్వర్డులో ఉన్న రోజుల్లోనే, 1926లో, బోస్టన్‌లో మైనాట్, మర్ఫీ అనే ఇద్దరు వైద్యులు ఓ అద్భుతం చేశారు. పెర్నిషస్ అనీమియా అని ఒకటుంది. పెర్నిషస్ అంటే ప్రాణాంతకమని. అది వచ్చినవాళ్లు బతకడమనేది లేదు. వాళ్లకి రోజూ అర్ధపౌను కార్జం తినిపిస్తే లేచి కూర్చున్నారు! అంతకుముందు విప్పుల్ అనే ఆయన కుక్కలకి రక్తం తీసేసి, కార్జం పెడితే తొందరగా కోలుకుంటున్నాయని చూపించాడు. దాన్నిబట్టే వీళ్లకి ఆ ఆలోచన వచ్చింది. ముగ్గురికీ కలిపి 1934లో నోబెల్ బహుమతి ఇచ్చారు. తమాషా ఏమిటంటే, కుక్కలకి నయం చేసింది కార్జంలోని ఇనుము. మనుషులకి నయం చేసింది అందులోనే ఉన్న వేరే వస్తువు. కారణం ఒకటనుకుంటే మరొకటైంది. అదృష్టం బాగుండి రెండూ ఒకే కార్జంలో ఉన్నాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1928లో, లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయికి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులు రక్తం లేక చచ్చిపోతున్నారు. ఎందుకు? అదీ ఆవిడ ప్రశ్న. కణాలు చూస్తే పెద్దవి. పెర్నిషస్ అనీమియాలాగే ఉందిగాని, అది కాదు. ఆవిడ ఆ ఆడవాళ్లు ఏం తింటున్నారో చూసింది. ఎలకలకి ఆ తిండే పెట్టి చూసింది. కూనూరులోనూ, మద్రాసులోనూ కూడా పనిచేసింది. చివరికి మార్మైట్ అనే చవకైన ఈస్టు పదార్థం పెడితే రోగులు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. తర్వాత ఇంకోటి కనిపెట్టింది. బాగా శుద్ధిచేసిన కార్జం మందు పెర్నిషస్ అనీమియాకి పనిచేస్తోందిగాని, తన రోగులకి చెయ్యడంలేదు. ముతక కార్జం మందు మాత్రం చేస్తోంది. అంటే కార్జంలో రెండు వేర్వేరు వస్తువులున్నాయి!

1941లో అమెరికాలో టన్నులకొద్దీ పాలకూరలోంచి ఆ రెండోదాన్ని కొంచెం బయటికి తీసి, ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. ఇంత పాలకూర నుంచి అంత మందు తీస్తే పేదవాడి నోటికి ఎప్పుడందుతుంది? అప్పటికి సుబ్బారావుగారు లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధనలకి పెద్ద. ఆయన ఆధ్వర్యంలో పెద్ద బృందం కూర్చుని, 1945లో దాన్ని ఆకుతో, కార్జంతో పని లేకుండా ప్రయోగశాలలో తయారుచేసింది. టామ్ స్పైస్ అనే వైద్యుడు దాన్ని రోగులకిచ్చి చూశాడు. పెద్దకణాల రక్తహీనత లొంగింది. క్యూబాలో స్ప్రూ రోగులు లేచి తిరిగారు. భీమవరం ఇంట్లో ఇద్దర్ని పొట్టనబెట్టుకున్న రోగానికి, ఆ ఇంటి బిడ్డే పాతికేళ్లకి, సప్తసముద్రాల అవతల మందు తయారుచేయించాడు. అన్నదమ్ములకి అందలేదు. లోకానికి అందింది. మన దేశంలో 1970 నుంచి ప్రభుత్వం గర్భిణులకి పంచుతున్న మాత్రలో ఇనుముతోపాటు ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే.

ఇంత గొప్ప మందు మా అమ్మమ్మ విషయంలో ఏం చేసిందో ఇప్పుడు చెబుతాను. తప్పు మందుది కాదు, ముందే చెప్పేస్తున్నాను.

తాతయ్య పోయాక అమ్మమ్మ నీచు మానేసింది. చేపలు, గుడ్లు, అన్నీ. ఒంటిపూట భోజనం. పాలన్నీ మనవలకి, మీగడ అల్లుళ్లకి, తనకి నీళ్ల మజ్జిగ. విధవరాలి నియమం మరి. ఎవరం వద్దనలేదు. వద్దనాలని తోచనుకూడా లేదు. 1998లో నేను బెజవాడలో బి.ఏ. చదువుతూ సెలవులకి వెళ్తే, మనిషి పాలిపోయి ఉంది. "నాలిక మంటగా ఉంటోందే అమ్మడూ. అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టుంటోంది" అంది. నేను చదువుకున్నదాన్ని కదా! "రక్తం తక్కువ అమ్మమ్మా, నేను చూసుకుంటాలే" అని, బెజవాడ వెళ్లి మందుల షాపులో అడిగి, ఇనుము, ఫోలిక్ ఆమ్లం ఉన్న మాత్రలు నెల నెలా పంపించాను. పండక్కి వెళ్లేటప్పటికి మొహంలో కాస్త రంగొచ్చింది. ఆయాసం తగ్గింది. "నా మనవరాలు డాక్టరు కంటే నయం" అని వీధంతా చెప్పుకుంది. నేనూ పొంగిపోయాను.

చీమలు మాత్రం పాకుతూనే ఉన్నాయి. పాదాల నుంచి మోకాళ్లకెక్కాయి. ఏడాది తిరిగేసరికి నేలమీద నడుస్తుంటే దూదిమీద నడుస్తున్నట్టుందనేది. చీకట్లో అడుగేస్తే తూలి పడిపోయేది. ఓ రోజు బావి దగ్గర పడింది. బెజవాడ తీసుకొచ్చి చూపిస్తే, పెద్ద డాక్టరుగారు అన్నీ విని, "ఇన్నాళ్లూ ఏం మందు వాడారు?" అన్నారు. నేను సీసా చూపించాను. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

అమ్మమ్మకి లోపించింది బి 12 విటమిను. అది మాంసం, చేపలు, గుడ్లు, పాలల్లోనే ఉంటుంది, ఆకుల్లోనూ గింజల్లోనూ ఉండదు. మైనాట్ రోగుల్ని కార్జంలోంచి బతికించిన ఆ వేరే వస్తువు ఇదే. వాళ్లకి తిండిలో లోటు లేదు, కడుపులో లోటు. బి 12ని పేగులు పట్టుకోవాలంటే కడుపులో ఊరే ఓ పదార్థం తోడుండాలి. విలియం కాసిల్ అనే వైద్యుడు దాన్ని 1929లో బయటపెట్టిన తీరు వింటే ముక్కు మూసుకుంటారు. తను మాంసం తిని, కాసేపటికి దాన్ని కడుపులోంచి బయటికి తెప్పించి, రోగులకి గొట్టంతో పంపించాడు. వాళ్లకి నయమైంది! అసలు బి 12 శుద్ధరూపంలో చేతికి చిక్కింది 1948లో. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు న్యూయార్కులో కన్నుమూశారు, 53 ఏళ్లకి.

బి 12 తగ్గితే రెండు నష్టాలు. ఒకటి రక్తానికి, రెండు నరాలకి. ఫోలిక్ ఆమ్లం మోతాదుగా ఇస్తే రక్తం నష్టాన్ని పూడుస్తుంది, నరాల జోలికి మాత్రం పోదు. రక్తం బాగుపడేసరికి మనం రోగం కుదిరిందనుకుంటాం. లోపల నరాలు కాలిపోతూనే ఉంటాయి. ఈ సంగతి 1940ల్లోనే వైద్యులు గుర్తించారు. నాకు తెలిసింది 1999లో. డాక్టరుగారు బి 12 ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మంటలు తగ్గాయి, చీమలు ఆగాయి. కానీ పోయిన నడక రాలేదు. "ఇంకొంచెం ముందు తీసుకొచ్చుంటే" అని ఆయన వాక్యం పూర్తిచెయ్యలేదు. నాలుగేళ్లు మంచంమీద ఉండి అమ్మమ్మ వెళ్లిపోయింది. "నువ్వు పంపిన మాత్రలవల్లే కదే ఇన్నాళ్లు బతికాను" అని పోయేదాకా అంటూనే ఉంది. నేను నిజం చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఇంకా తలుపులున్నాయి. కొన్ని పుట్టుకతోనే వస్తాయి. 1910లో చికాగోలో హెరిక్ అనే వైద్యుడు కొడవలి ఆకారంలో ఉన్న ఎర్రకణాల్ని లోకానికి చూపించాడు. మన దేశంలో అవి మొదట నీలగిరి గిరిజనుల్లో ఉన్నాయని 1952లో ప్రకటించారు. మన ఏజెన్సీ ప్రాంతాల్లోనూ ఉన్నాయి. ఈ సికిల్ సెల్ జబ్బుని నిర్మూలించాలని 2023లో కేంద్రప్రభుత్వం ఓ పథకం మొదలుపెట్టింది. 1925లో కూలీ అనే పిల్లల డాక్టరు వర్ణించినది థలస్సీమియా. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ లక్షణం దాగి ఉంటే, వాళ్లకేమీ కాదుగాని, పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒకవంతు ప్రమాదం. ఆ బిడ్డకి బతికినన్నాళ్లూ రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలోని ఇనుము ఒంట్లో పేరుకుపోతుంది, దాన్ని తియ్యడానికి వేరే మందు. ఆ బిడ్డకి ఇంకా ఇనుము పొయ్యడమంటే విషం పొయ్యడమే. మనకి మేనరికాలంటే మహా ప్రీతి కదా. జాతకాలు కలిశాయా అని చూసేవాళ్లం, ఆ చేత్తోనే ఓ రక్తపరీక్ష కూడా చూస్తే ఏం పోయింది? ఇవికాక మొలలనుంచి, ఎక్కువ బహిష్టునుంచి పోయే రక్తం, మలేరియా, మూత్రపిండాల జబ్బు, ఇలా చాంతాడంత ఉంది. అన్నిటికీ పైకి కనిపించేది మాత్రం ఒకటే, పాలిపోయిన మొహం.

2019-21ల్లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతానికి రక్తహీనత. మగవాళ్లలో చాలా తక్కువ. మీ వీధిలో పదిళ్లు లెక్కపెట్టండి, ఆరిళ్లలో ఓ పిన్నో, అమ్మమ్మో ఉన్నారన్నమాట. మాత్రలు ఊరూరా దొరుకుతున్నాయి, మంచిదే. బడిపిల్లలకి పురుగుల మందూ ఇస్తున్నారు. కానీ మాత్ర మింగినా రక్తం పెరగకపోతే, "ఎందుకు?" అని అడిగే నోరు ఇంట్లో ఒకటుండాలి.

మా చల్లపల్లి ఇప్పుడు అప్పటిలా లేదు. 2014లో ఊరి డాక్టర్లు, మరికొందరు కలిసి చీపుళ్లు పట్టుకుని, తెల్లవారుజామునే రోడ్లు ఊడవడం మొదలుపెట్టారు. స్వచ్ఛ చల్లపల్లి అన్నారు. ఒకప్పుడు ముక్కు మూసుకుని నడిచిన రోడ్ల పక్కన ఇప్పుడు పూలమొక్కలున్నాయి. వాళ్లు ఊరు శుభ్రం చేస్తున్నామనే అనుకుని ఉంటారు. నాకు మాత్రం, మా పిన్నిలాంటివాళ్ల రక్తాన్ని కాపాడుతున్నట్టే అనిపిస్తుంది.

రెండేళ్ల కిందట పిన్ని చిన్నకూతురి పెళ్లికి వెళ్లాను. సంబంధం కుదరగానే పిల్లకీ పిల్లాడికీ రక్తపరీక్షలు చేయించింది పిన్ని. వియ్యపురాలు మొహం ముడుచుకున్నా వినలేదు. కళ్యాణమండపంలో సరిగ్గా తలంబ్రాల వేళకి బయట ఫెళఫెళమని వాన మొదలైంది. నేను పిన్ని వైపు చూసి నవ్వాను.

"నా వంక చూడకే! పిల్లకి హిమోగ్లోబిన్ పన్నెండున్నర. కాయితం నా సంచీలోనే ఉంది" అంది పిన్ని.

ఆ తర్వాత కిటికీ దగ్గరకెళ్లి, తడిమట్టి వాసన గట్టిగా ఒకసారి పీల్చుకుంది.